డిస్టింగ్విష్ అంటే తేడా తెలియడమా, తేడా చెప్పడమా?

శ్రుతిఛాయ
నర్సింగ్ విద్యార్థుల శిక్షణ పుస్తకం ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. గుండె శబ్దాల అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర సంపాదకుడికీ నాకూ పేచీ వచ్చింది. విద్యార్థి మొదటి గుండె శబ్దాన్ని రెండో శబ్దం నుంచి ‘డిస్టింగ్విష్’ చేయగలగాలి అని మూలంలో ఉంది. నేను ‘రెండు శబ్దాలనూ విడివిడిగా గుర్తుపట్టగలగాలి’ అని రాశాను. ఆయన దాన్ని కొట్టేసి ‘రెండు శబ్దాల మధ్య తేడాలు తెలపగలగాలి’ అని మార్చారు. నా వాక్యంలో ఉన్నది చెవి పని, ఆయన వాక్యంలో ఉన్నది నోటి పని. రెండూ ఒకటే ఎలా అవుతాయి? మీరేమంటారు?

వేణుమాస్టారు
సంపాదకుడు చేసిందే సరైన పని. నేను 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో ‘డిస్టింగ్విష్ బిట్వీన్’ అని ఉంటే తెలుగు పత్రంలో ‘భేదాలు తెలపండి’ అని ఉంటుంది. సమవిభజనకీ క్షయకరణ విభజనకీ భేదం తెలుసు, కానీ రాయలేనన్న పిల్లవాడికి ఎవరైనా మార్కులు వేస్తారా? 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం విద్యా లక్ష్యాలను వర్గీకరించింది. 2001లో దాన్ని సవరించినప్పుడు విభేదించి చూడటాన్ని విశ్లేషణ కింద చేర్చారు. విశ్లేషణ అంటే విడదీసి చూపించడం. శిక్షణ పుస్తకంలో ఈ క్రియకు ఉన్న అర్థం అదే.

నిఘంటుప్రియ
అసలు సంగతి ఇద్దరూ వదిలేశారు. శ్రుతిఛాయ గారు చెప్పిన వాక్యంలో ఉన్నది ‘ఫ్రమ్’. మాస్టారు తెచ్చిన ప్రశ్నపత్రంలో ఉన్నది ‘బిట్వీన్’. ‘బిట్వీన్’ వస్తే దృష్టి రెంటి నడుమ ఉన్న ఎడం మీదికి పోతుంది. ‘ఫ్రమ్’ వస్తే ఒకదాన్ని పట్టుకుని రెండోదాని నుంచి విడిగా ఉంచుతాం. ఈ క్రియ లాటిన్ ‘డిస్టింగ్వెరె’ నుంచి వచ్చింది. దాని మూలంలో పొడిచి గుర్తుపెట్టడం అనే భావం ఉందంటారు. గుర్తు పెట్టడం వేరు, గుర్తును వర్ణించడం వేరు. మూలంలో ‘ఫ్రమ్’ ఉంది కాబట్టి ‘మధ్య తేడాలు’ అన్న అనువాదం తప్పు.

సాయంత్రపునడక
‘గ్రహించగలగాలి’ అని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా.

శ్రుతిఛాయ
సాయంత్రపునడక గారూ, గ్రహించడం మరీ వదులైన మాట. ఏమి గ్రహించాలో అందులో ఉండదు.

మాస్టారూ, ఒక చిన్న పరీక్ష. ‘కల’, ‘కళ’ అని పైకి అనండి. తెలుగు వింటూ పెరిగినవారికి ఈ రెండూ కలగాపులగం కావడం అరుదు. రాత్రి కన్నది ఏదో, నేర్చుకున్నది ఏదో వింటూనే తెలిసిపోతుంది. కానీ ‘ల’ పలికేటప్పుడు నాలుక కొన ఎక్కడ తగులుతుందో, ‘ళ’కు ఎంత వెనక్కి మడత పడుతుందో ఎంతమంది చెప్పగలరు? చాలామంది ఆ సంగతి ఒక్కసారి కూడా ఆలోచించి ఉండరు. అంటే వాళ్లు ఆ రెండు అక్షరాలనూ డిస్టింగ్విష్ చేయడం లేదంటారా?

వేణుమాస్టారు
అది ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు, నేర్చుకున్న విద్య కాదు. మీ పుస్తకం చెబుతున్నది విద్య గురించి.

పోనీ, చెవే ప్రమాణం అనుకుందాం. అప్పుడు ‘ఱ’ సంగతి ఏమిటి? ఈ రోజు మనం మాట్లాడుతుంటే ‘ర’కీ ‘ఱ’కీ చెవికి తేడా లేదు. ఎవరి నోటా లేదు. అయినా ఏ మాటలో బండి ‘ఱ’ రాయాలో పండితులకు తెలుసు. ఆ రెంటినీ ప్రాసలో కలపకూడదని పాత లాక్షణికులు పట్టుబట్టారు. పాత నిఘంటువులు వేరుగానే చూపుతాయి. చెవికి అందని భేదాన్ని వాళ్లు నిలబెట్టగలిగారంటే అది చెప్పగలిగిన భేదం కాబట్టే. చెవి మరిచిపోయినా మాట మరిచిపోలేదు.

శ్రుతిఛాయ
‘ఱ’ ఉదాహరణకు నా దగ్గర వెంటనే జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ మీరు ‘నేర్చుకున్న విద్య’ అని గీత గీశారు కాబట్టి ఇది వినండి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లీషు వినిపించే ఇళ్ల పసిపిల్లలకు హిందీ ‘త’, ‘ట’ శబ్దాలు వినిపించారు. శబ్దం మారినప్పుడు పాప తల తిప్పితే పక్కన పెట్టెలో బొమ్మ వెలిగి కదులుతుంది. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది శబ్దం మారిందని పట్టుకుని తల తిప్పారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి అలా పట్టుకున్నవారు చాలా కొద్దిమంది. ఒక్క మాట కూడా రాని పసివాళ్లు మనకు బాగా తెలిసిన త-టలను విడదీశారు. వాళ్లను భేదాలు తెలపమని ఎవరడుగుతారు?

నిఘంటుప్రియ
అలాంటి పరిశోధనల్లో వాడే క్రియ ‘డిస్క్రిమినేట్’. ఇది వేరే మాట. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి తేడా కనిపెట్టడం అనే అర్థమే ఉండేది. మనుషుల పట్ల పక్షపాతం చూపడమనే అర్థం 19వ శతాబ్దంలో అమెరికాలో వచ్చి చేరింది. మనం దాన్ని ‘వివక్ష’ అంటున్నాం. సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలనే కోరిక. ఇక ‘డిసర్న్’ జల్లెడ పట్టడం నుంచి వచ్చింది. ‘డిస్క్రిమినేట్’, ‘డిసర్న్’ ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చినవే. ‘డిస్టింగ్విష్’ పుట్టుక వాటికి వేరు, ‘వివక్ష’ పుట్టుకా వేరు. ఒకదాని సాక్ష్యం ఇంకొకదానికి చెల్లదు. ‘ఫ్రమ్’ గురించి నేనడిగినదానికి ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు.

వేణుమాస్టారు
చూశారా! వివక్ష అంటే చెప్పాలనే కోరిక. మన మాటలోనే చెప్పడం ఇమిడి ఉంది.

శ్రుతిఛాయ
మాట పుట్టుకను పట్టుకుని అర్థం తేల్చేటట్లయితే వివేకం దగ్గరికి రండి. అందులో ఉన్నది వేరుచేయడం. నీరక్షీర వివేకం అంటాం కదా. హంస పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందన్నారు గాని, భేదాలు వల్లిస్తుందని ఎవరూ అనలేదు.

కవలలోఒకడు
మేమిద్దరం ఒకే పోలిక. బడిలో పిలుపు మారిపోవడం రోజూ జరిగేది. నాన్న మా చొక్కాలు చూసి పిలిచేవారు. చొక్కాలు మార్చుకుంటే ఆయనా తప్పేవారు. అమ్మ మాత్రం చీకట్లో, తలుపు అవతల మేము దగ్గినా పేరు పెట్టి పిలిచేది. ఎలా పోల్చుకుంటావమ్మా అని చాలాసార్లు అడిగాను. కాసేపు ఆలోచించి ‘నువ్వు నువ్వే కదరా’ అనేది. అంతకు మించి చెప్పలేకపోయేది. తేడా చెప్పగలిగిన నాన్నకు పొరపాటు జరిగింది. చెప్పలేని అమ్మకు ఒక్కసారీ జరగలేదు.

ఇంకొకటి. తెలుగులో ‘పోల్చడం’ అంటే రెంటిని పక్కపక్కన పెట్టి చూడటం. ‘పోల్చుకోవడం’ అంటే ఫలానా అని గుర్తుపట్టడం. మీ వాక్యానికి ఆ రెండో మాట సరిపోతుందేమో చూడండి.

న్యాయపక్షం
ముందు తీర్పులను అనుసరించే దేశాల న్యాయస్థానాల్లో ‘డిస్టింగ్విష్’కు ఒక ఖచ్చితమైన అర్థం ఉంది. పాత తీర్పు ఈ కేసుకు వర్తించదని చెప్పాలంటే రెండు కేసుల వాస్తవాలు ఎక్కడ వేరుపడుతున్నాయో న్యాయమూర్తి కారణాలతో రాయాలి. ‘నాకు వేరుగా అనిపిస్తోంది’ అన్నది తీర్పు కాదు. పై న్యాయస్థానంలో నిలవదు. ఈ విషయంలో నేను మాస్టారి పక్షం.

శ్రుతిఛాయ
న్యాయస్థానంలో రాతే పని కాబట్టి అక్కడ అది న్యాయం. మంచం పక్కన పని వినడం.

ఇది నాకు పుస్తకంలో ఒక వాక్యం మాత్రమే కాదు. అనువాదాల్లోకి రాకముందు నేను నర్సింగ్ చదివాను. మౌఖిక పరీక్షలో రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టించి, మొదటి శబ్దం వచ్చినప్పుడల్లా వేలెత్తమన్నారు. ప్రతిసారీ సరిగ్గా ఎత్తాను. తర్వాత ‘రెండు శబ్దాల మధ్య తేడాలు చెప్పు’ అన్నారు. నోరు పెగల్లేదు. ‘ఒకటి బరువుగా ఉంటుందండీ’ అని ఆగిపోయాను. ఆ భాగంలో సున్నా వేశారు. పుస్తకం బట్టీపట్టి అప్పజెప్పిన అమ్మాయికి నిండు మార్కులు వచ్చాయి. ఆమె వేలు రెండుసార్లు తప్పు శబ్దానికి లేచింది. నా కళ్లతో చూశాను. ఆ సంవత్సరమే చదువు ఆపేశాను.

వేణుమాస్టారు
ఇప్పుడు తేలింది. మీకు పోయిన మార్కుల కోసం పదానికి అర్థం మార్చమంటున్నారు. అది అనువాదం కాదు, పాత బాకీ వసూలు.

శ్రుతిఛాయ
ఈ మాట మీరు అనకుండా ఉండవలసింది. 31 ఏళ్లలో ‘తెలుసు కానీ చెప్పలేను’ అన్న పిల్లలను ఎంతమందిని చూసి ఉంటారు? వాళ్లలో ఒక్కరికైనా నిజంగా తెలుసేమోనని పరీక్షించారా? రాయలేదు కాబట్టి రాదు అని తేల్చేశారు. నా విషయంలో జరిగిందీ అదే. పదం అర్థం నేను మార్చడం లేదు. నా చెవికి వచ్చిన విద్యను లేదనవద్దంటున్నాను.

సాయంత్రపునడక
ఇద్దరూ కాస్త నిదానించండి. మాస్టారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుంది.

వేణుమాస్టారు
తీసుకుంటున్నాను. క్షమించండి, శ్రుతిఛాయ గారూ. రాత్రి పడుకున్నాక కూడా అది గుచ్చుకుంటూనే ఉంది.

నేనెందుకు అంత మొండిగా ఉన్నానో చెబుతాను. మా తమ్ముడికి ఆయాసం వస్తే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడివారు ఛాతీ విని ‘బాగానే ఉంది’ అన్నారు. ఎలా చెబుతున్నారు, ఏమి విన్నారు అని అడిగాను. ‘ఇన్నేళ్ల అనుభవం, వింటే తెలిసిపోతుంది’ అన్నారు. కాగితం మీద ఏమీ రాయలేదు. ఎనిమిది నెలల తర్వాత ఇంకోచోట కవాటం కారుతోందని తేలింది. అప్పటికి గుండె వాచిపోయింది. ఆ మొదటి మనిషి ఏమి విన్నారో రాసి ఉంటే రెండో మనిషి దాన్ని సరిచూసేవారు. ‘నాకు తెలుసు’ అన్న మాటను ఎవరు సరిచూడగలరు? చెప్పలేని తెలివి నిజమైన తెలివో, ధీమాయో బయటివాడికి తెలిసే దారి ఏది? నా గొడవ పదం గురించి కాదు. చెప్పలేనివారిని నమ్మి మనిషిని వాళ్ల చేతుల్లో ఎలా పెడతాం?

కవలలోఒకడు
మీ తమ్ముడి సంగతి చదివి మనసు బరువెక్కింది, మాస్టారూ.

దారి ఉంది. మా పెదనాన్న అమ్మను నమ్మక ఒకసారి పరీక్ష పెట్టారు. మమ్మల్ని తలుపు వెనక నిలబెట్టి, ఎవరు దగ్గాలో ఆయనే సైగ చేశారు. 20 సార్లు. 20 సార్లూ అమ్మ సరిగ్గానే చెప్పింది. ఊరికే ఊహించి చెబితే సగం దగ్గర ఆగేది. తేడా ఏమిటో ఆమె చెప్పకపోయినా, తేడా పట్టుకుంటోందని మాకందరికీ తెలిసింది. మీ తమ్ముణ్ని చూసినవారికి ఏనాడైనా ఎవరైనా అలాంటి పరీక్ష పెట్టారా? శ్రుతిఛాయ గారికి వేలెత్తించి పెట్టారు, ఆవిడ నెగ్గారు.

న్యాయపక్షం
ఇది ఒప్పుకోదగిన మాట. నేను పైన రాసినది కారణం రాయక తప్పని చోట్లకు మాత్రమే.

వేణుమాస్టారు
పరీక్షతో మనిషిని నమ్మవచ్చు, ఒప్పుకున్నాను. కానీ నేర్పడం మాటేమిటి? మీ అమ్మగారు ఆ విద్యను మీ నాన్నగారికి ఇవ్వలేకపోయారు. శిక్షణ పుస్తకం ఉన్నది నేర్పడానికి. శ్రుతిఛాయ గారూ, మీకు ఆ శబ్దాలు ఎవరు నేర్పారు? ఎలా నేర్పారు?

శ్రుతిఛాయ
వార్డులో ఒక పెద్ద సిస్టర్. మూడు వారాలపాటు నాకు రెండూ ఒకేలా వినిపించేవి. గుండె వేగంగా కొట్టుకునే రోగి అయితే మరీ కష్టం. ఒక రాత్రి డ్యూటీలో ఆవిడ నా ఎడమచేతి రెండు వేళ్లు పట్టుకుని రోగి మెడ పక్కన, నాడి కొట్టుకునేచోట మెత్తగా ఆనించారు. కుడిచేతితో స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టించారు. ‘విను’ అన్నారు, అంతే. వేళ్ల కింద నాడి పైకి లేచినప్పుడల్లా చెవిలో ఒక శబ్దం దానితో కలిసి వస్తోంది. అది మొదటిది. నాడి లేవకుండా వచ్చేది రెండోది. పది నిమిషాల తర్వాత మెడ మీద నుంచి వేళ్లు తీసేశాను. అయినా రెండూ విడిగానే వినిపించాయి. ఆ తర్వాత ఎన్నడూ కలిసిపోలేదు.

వేణుమాస్టారు
మీరు ఇప్పుడు చెప్పారు కదా! మెడ నాడితో కలిసి వచ్చేది మొదటిది, కలవనిది రెండోది. మౌఖిక పరీక్షలో ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే నేనైతే నిండు మార్కులు వేసేవాణ్ని.

శ్రుతిఛాయ
ఇప్పుడు చెప్పగలిగాను మాస్టారూ, పదిహేడేళ్ల తర్వాత, మీరు అడిగిన తీరు వేరు కాబట్టి. ‘తేడాలు చెప్పు’ అని వాళ్లు అడిగితే, ద్విపత్ర త్రిపత్ర కవాటాలు మూసుకోవడం వల్ల మొదటిది, బృహద్ధమని, పుపుస ధమని కవాటాల వల్ల రెండోది అన్న పుస్తకం జవాబు వెతుక్కుంటూ ఉండిపోయాను. అది శబ్దానికి కారణం. నేను విన్న తేడా అది కాదు. కానీ ఆ రాత్రి వార్డులో, ఈ వాక్యం నోటికి రాకముందే, నాకు విద్య వచ్చేసింది. దాన్ని మాత్రం వదులుకోను.

సంపాదకుడికి ఇలా పంపుతున్నాను: ‘విద్యార్థి మొదటి గుండె శబ్దాన్ని రెండోదానితో పొరబడకుండా పోల్చుకోగలగాలి.’ కవలలోఒకడు గారికి కృతజ్ఞతలు.

నిఘంటుప్రియ
‘రెండోదానితో పొరబడకుండా’ అన్నచోట ‘ఫ్రమ్’ వచ్చేసింది. నాకు సమ్మతం.

వేణుమాస్టారు
‘పోల్చుకోగలగాలి’ తర్వాత ‘ఎలా పోల్చుకున్నారో చెప్పగలగాలి’ అని ఉండాలని నేను ఇప్పటికీ అంటాను. అది రెండో వాక్యంగా రావాలి, మొదటిదానికి బదులుగా కాదు. అంతవరకు మీతో వచ్చాను.

ఆ మెడ మీద వేళ్ల సంగతి మీ పుస్తకంలో ఉందా?

శ్రుతిఛాయ
ఈ అధ్యాయంలో లేదు. అనువాదకురాలిగా నా అంతట నేను చేర్చలేను. రేపు సంపాదకుడికి ఫోను చేసి అడుగుతాను.