మూలధనం సరిపడా ఉన్న బ్యాంకును లిక్విడిటీ రిస్కు ఎలా బలహీనపరుస్తుంది?

ప్రశ్న (ఎం.కామ్. విద్యార్థిని, అనంతపురం):
ప్రాజెక్టు కోసం బ్యాంకుల వార్షిక నివేదికలు చదువుతున్నాను. మూలధన నిష్పత్తి (రిస్కు ఉన్న ఆస్తులతో పోలిస్తే బ్యాంకు సొంత మూలధనం), మొండి బకాయిలు ఆర్థిక పటిష్ఠతకు కొలమానాలని అర్థమైంది. అయితే మా గైడుగారు లిక్విడిటీ రిస్కును (అడిగిన వేళకు చెల్లించడానికి చేతిలో నగదు లేకపోయే ముప్పును) కూడా ఆ అధ్యాయంలోనే చేర్చమన్నారు. ఇచ్చిన రుణాలన్నీ సక్రమంగా వసూలవుతున్న బ్యాంకుకు నగదు తక్కువైతే అప్పు తెచ్చుకోవచ్చు కదా, పటిష్ఠత ఎందుకు తగ్గుతుంది?

సమాధానం 1 (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కడప):
తెచ్చుకోవచ్చమ్మా, కానీ ఏ వడ్డీకి అన్నదే అసలు ప్రశ్న. నేను పనిచేసిన శాఖలో వేరుశనగ విత్తే అదనులో బంగారం తాకట్టు పెట్టి పంట రుణం అడిగేవారూ, పొదుపు ఖాతాలోని డబ్బు తీసుకోవడానికి వచ్చేవారూ ఒకే వరుసలో నిలబడేవారు. ఇచ్చిన రుణం పంట చేతికొస్తేగానీ తిరిగి రాదు. డిపాజిటుదారుకు మాత్రం ఆ పూటే ఇవ్వాలి. శాఖను ప్రధాన కార్యాలయం ఆదుకుంటుంది. బ్యాంకు మొత్తానికే ఆ పరిస్థితి వస్తే పెద్ద డిపాజిట్లను ఎక్కువ వడ్డీకి తెచ్చుకోవలసి వస్తుంది. పాత రుణాలపై వడ్డీని అదే వేగంతో పెంచలేరు కనుక లాభం తగ్గి, మూలధనానికి చేరవలసిన మిగులు కూడా తగ్గుతుంది.

ఇది నెమ్మదిగా జరిగే అరుగుదల. వేగంగా జరిగితే ఏమవుతుందో 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు చూపింది. 8న బాండ్లు అమ్మి 180 కోట్ల డాలర్ల నష్టం ప్రకటించింది, 9వ తేదీ ఒక్కరోజే ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగారు, 10న మూతపడింది. దాని బాండ్లు చాలావరకు ప్రభుత్వ పూచీ ఉన్నవే. గడువు దాకా ఉంచుకోగలిగితే అసలు పూర్తిగా వచ్చేది, కానీ వడ్డీ రేట్లు పెరిగి వాటి ధర పడిపోయిన వేళ అమ్మక తప్పకపోవడంతో కాగితం మీది నష్టం నిజమైన నష్టంగా మారి మూలధనాన్ని తగ్గించింది.

సమాధానం 2 (కామర్స్ అధ్యాపకుడు, కర్నూలు):
పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను: కారణం ఎప్పుడూ లిక్విడిటీయేనని రాయకండి. మన దేశంలోని ప్రైవేటు బ్యాంకు యస్ బ్యాంకు విషయంలో ముందు మొండి బకాయిలపై అనుమానం మొదలైంది, ఆ తరువాతే డిపాజిట్లు తరలిపోయాయి. 2020 మార్చి 5న విధించిన రూ. 50,000 ఉపసంహరణ పరిమితి 18న తొలగింది. అలాగే నగదు ఎంత ఎక్కువైతే బ్యాంకు అంత గట్టిదనీ అనుకోవద్దు. 30 రోజుల ఒత్తిడిలో బయటికి పోయే నికర నగదుతో పోలిస్తే, వెంటనే నగదుగా మార్చుకోగల ఆస్తులు ఎంత శాతం ఉండాలో చెప్పే ఎల్‌సీఆర్ (లిక్విడిటీ కవరేజ్ రేషియో) మన దేశంలో 2015లో 60 శాతంతో మొదలై 2019 జనవరికి 100 శాతానికి చేరింది. దానికి మించి ట్రెజరీ బిల్లుల్లో (ప్రభుత్వ స్వల్పకాలిక రుణ పత్రాల్లో) పెట్టిన ప్రతి రూపాయీ రుణాలకన్నా తక్కువ రాబడి ఇస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నివేదికలో నేను ముందుగా ఏ అంకె చూడాలి?

సమాధానం 1 రాసినవారు:
మొత్తం డిపాజిట్లలో ఇరవై మంది అతిపెద్ద డిపాజిటుదారుల వాటా ఎంతో చూడండి. అది నివేదికలో ఉంటుంది. రూ. 5 లక్షల డిపాజిట్ బీమా పరిధిలో ఉన్న మామూలు ఖాతాదారుడు వదంతి వినగానే పరుగెత్తడు. సిలికాన్ వ్యాలీ బ్యాంకు డిపాజిట్లలో తొంభై శాతానికి పైగా బీమా పరిధి దాటినవే.