నాన్-ప్రాఫిట్ బయోమెడికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లు అసలు ఎవరి కోసం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయిపోవస్తోంది, తర్వాత రీసెర్చ్‌లోకే వెళ్దామనుకుంటున్నా. ఏ నాన్-ప్రాఫిట్ ఇన్‌స్టిట్యూట్ మిషన్ చదివినా మానవాళి ఆరోగ్యం కోసమే అని ఉంటుంది, కానీ పేటెంట్లు తీసుకుంటారు, కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంటారు, మరి ఫార్మా కంపెనీకీ వీళ్ళకీ తేడా ఏంటండీ?

జవాబు 1:
నాన్-ప్రాఫిట్ అంటే సంపాదించకూడదని కాదండి, మిగిలింది ఎవరూ పంచుకోకూడదని. షేర్‌హోల్డర్లు ఉండరు, డబ్బు మళ్ళీ పనిలోకే వెళ్ళాలి. అమెరికాలోని జాక్సన్ ల్యాబ్‌నే తీసుకోండి, 1929లో మొదలైంది, ప్రయోగాలకి వాడే ఎలుకల్ని పెంచి ప్రపంచమంతా అమ్ముతుంది, వాళ్ళకి అదే పెద్ద ఆదాయం. అందరికీ ఒకే రకం ఎలుకలు దొరక్కపోతే ఒక ల్యాబ్ రిజల్ట్‌ని ఇంకో ల్యాబ్ చెక్ చేసుకోవడమే కష్టం, కాబట్టి ఆ అమ్మకం కూడా మిషన్‌లో భాగమే.

జవాబు 2:
తేడా తెలియాలంటే ఫెక్సినిడజోల్ అనే మందు గురించి చదవండి. స్లీపింగ్ సిక్‌నెస్ అని ఆఫ్రికాలో ఈగ కుట్టడం వల్ల వచ్చే జబ్బు, క్రిమి మెదడులోకి చేరాక వైద్యం లేకపోతే దాదాపు చావే. ఆ దశలో చాలా ఏళ్ళు ఇచ్చింది మెలార్సోప్రోల్ అనే ఆర్సెనిక్ మందు, నరంలోకి ఎక్కిస్తుంటే ఒళ్ళు మండిపోయేది, ఇరవై మందిలో ఒకరు జబ్బుతో కాదు ఆ మందుతోనే పోయేవారు. తర్వాత మెరుగైన చికిత్స వచ్చింది కానీ దానికీ ఆస్పత్రిలో పెట్టి సెలైన్‌లో ఎక్కించాలి, అడవి మధ్య ఊళ్ళకి ఆ సామానంతా మోసుకెళ్ళాలి. ఫెక్సినిడజోల్ ఏమో 1980ల్లోనే పరిశోధన మధ్యలో ఆగిపోయి మూల పడుంది. 2003లో పెట్టిన డీఎన్‌డీఐ అనే నాన్-ప్రాఫిట్ సంస్థ పాత కాంపౌండ్లన్నీ తిరగేస్తూ దాన్ని బయటికి తీసింది, సనోఫీ అనే ఫార్మా కంపెనీతో కలిసి ట్రయల్స్ చేయించింది, 2018 చివర్లో కాంగోలో అనుమతి వచ్చింది. పది రోజుల పాటు రోజూ భోజనం అయ్యాక మింగే మాత్రలు, అంతే! లాభం లెక్క చూసుకునేవాళ్ళు ఎవరైనా ఇంత దూరం వస్తారా? అలాగని కంపెనీ లేకుండానూ అవ్వలేదు, ఒప్పందం ఉందనగానే అనుమానపడక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇది అస్సలు తెలీదండి, చాలా థాంక్స్. మరి పేటెంట్ల సంగతి?

జవాబు 3:
పేటెంట్ తీసుకోవడం తప్పేం కాదు, లైసెన్స్ ఎవరికి ఏ షరతులతో ఇస్తున్నారో చూడాలి. మొత్తం ఒక్క కంపెనీకే రాసిచ్చేసి, వాళ్ళు దాన్ని పక్కన పడేస్తే వెనక్కి తీసుకునే క్లాజ్ కూడా లేకపోతే ఆ మిషన్‌కి అర్థం లేదు. ఇంకోటి డేటా. అమెరికాలో సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ అనే నాన్-ప్రాఫిట్ సంస్థ ఎలుక మెదడులో దాదాపు 20,000 జన్యువులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో మ్యాప్ గీసి 2006లో పూర్తిచేసింది, ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు. నాకు బాధ కలిగించేది మాత్రం గ్రాంట్ల వ్యవహారం, డబ్బు ఏ జబ్బుకి వస్తే మంచి మంచి ల్యాబ్‌లు కూడా అటే తిరిగిపోతుంటాయి. అందుకే ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మొహమాటపడకుండా అడగండి, పేపర్ రాకముందే డేటా బయటికి ఇస్తారా, ఫెయిలైన ప్రయోగాలు పబ్లిష్ చేస్తారా, గ్రాంట్ ఆగిపోతే ఆ ప్రాజెక్ట్ ఏమవుతుంది అని.