సాయిల్ ఇన్వెస్టిగేషన్ కంపెనీ ఆఫరా, బిల్డర్ సైటా? జియోటెక్నికల్ (నేల, పునాదుల ఇంజనీరింగ్)లో ముందుకు దారి ఉందా?

కృష్ణాతీరం:
నమస్కారం అండీ. ఈ ఏడాదే బీటెక్ సివిల్ అయింది. హైదరాబాద్‌లో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి సాయిల్ ఇన్వెస్టిగేషన్ (బోర్లు వేసి మట్టిని, రాయిని పరీక్షించడం) చేసే చిన్న కంపెనీలో ఫీల్డ్ ఇంజనీర్, రెండోది అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్ దగ్గర సైట్ ఇంజనీర్. జీతాల్లో పెద్ద తేడా లేదు. నాకు సాయిల్ మెకానిక్స్ అంటే ఇష్టం. సీనియర్లేమో "మట్టి పరీక్షల్లోకి దిగితే జీవితమంతా బోర్ల దగ్గరే" అంటున్నారు. ఈ లైన్‌లో నిజంగా ఎన్ని రకాల ఉద్యోగాలుంటాయి? మొదటి ఏడాది ఏం నేర్చుకుంటే పనికొస్తుంది? కంపెనీ మంచిదో కాదో చేరకముందే ఎలా తెలుస్తుంది?

బోర్‌లాగ్:
బోర్ల దగ్గరే ఉండిపోయేవాళ్లు ఉన్నారు, అబద్ధం కాదు. అయితే వాళ్లు అక్కడ ఆగిపోయేది ఫీల్డ్ వల్ల కాదు, రిపోర్టు రాయడం నేర్చుకోకపోవడం వల్ల. అందుకే ఆఫర్ ఒప్పుకునే ముందు ఒక్క సంగతి అడుగు: బోరు వేయించిన ఇంజనీరే ఏ శాంపిల్‌కి ఏ పరీక్షో రాసి, రిపోర్టు డ్రాఫ్ట్ కూడా చేస్తాడా, లేక సైట్‌వాళ్లు వేరు, రిపోర్టువాళ్లు వేరా? వేరైతే అక్కడ ఏడాదికి మించి ఉండొద్దు.

ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకిచ్చే జాతీయ అక్రెడిటేషన్) గుర్తింపు ఉందంటే సరిపోదు, ఏయే పరీక్షలకు ఉందో స్కోప్ చూడు. జల్లెడ, లిక్విడ్ లిమిట్, ప్రాక్టర్, సీబీఆర్ లాంటి మామూలు పరీక్షలతోనే ఆగిపోతే ట్రయాక్సియల్ (మట్టి బలం కొలిచేది), కన్సాలిడేషన్ (బరువుకి మట్టి ఎంత కుంగుతుందో చూసేది) నీ చేతికి రావు. ఇంకో గుర్తు కూడా ఉంది. కన్సాలిడేషన్‌లో ఒక్కో లోడ్‌ని 24 గంటలు ఉంచాలి. ఏడెనిమిది లోడ్లు, ఆపైన అన్‌లోడింగ్ కలిపితే పది రోజులు పడుతుంది. బోరు పూర్తయిన అయిదో రోజుకే కన్సాలిడేషన్ గ్రాఫుతో రిపోర్టు ఇచ్చేస్తున్నారంటే ఆఫీసులో కూర్చుని అంకెలు వేస్తున్నారన్నమాట. అలాంటి చోట చేరొద్దు.

మొదటి ఏడాది నేర్చుకోవాల్సింది ఎస్‌పీటీ, అంటే బోరు అడుగున స్పూన్ అనే గొట్టాన్ని హ్యామర్‌తో దిగగొట్టి నేల గట్టితనం చూసే పరీక్ష. 63.5 కిలోల హ్యామర్, 75 సెం.మీ. ఎత్తు, మొదటి 15 సెం.మీ. లెక్కలోకి రాదు, తరవాతి 30 సెం.మీ. దిగడానికి పడిన దెబ్బలే ఎన్ వాల్యూ. ఐఎస్ 2131 అనే భారత ప్రమాణంలో ఉన్నది ఇంతే, చెడేది మాత్రం సైట్‌లోనే. వించి డ్రమ్ముకి తాడు రెండు చుట్లకు మించి చుడితే హ్యామర్ స్వేచ్ఛగా పడదు, ఎన్ ఎక్కువ చూపిస్తుంది. 75కి బదులు 60 సెం.మీ. లేపినా అంతే. నీటిమట్టం కింద ఇసుకలో దీనికి ఉల్టా జరుగుతుంది: బోరులో నీళ్లు బయటి నీటిమట్టం కంటే తగ్గితే అడుగు నుంచి నీళ్లు ఎగదన్ని ఇసుకను వదులు చేస్తాయి, ఎన్ పడిపోతుంది. రాడ్లు పైకి లాగుతున్నంతసేపూ బోరులో నీళ్లు పోస్తూ ఉండమనేది ఇందుకే. గులకరాయి స్పూన్ కొసన ఉండే షూలో ఇరుక్కుంటే ఎన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. స్పూన్ విప్పినప్పుడు మట్టి లేకుండా రాయి కనబడితే ఆ సంగతి లాగ్‌లో రాయి. 50 దెబ్బలకూ 15 సెం.మీ. దిగకపోతే రెఫ్యూజల్ అని రాసి ఊరుకోవద్దు, ఎన్ని సెం.మీ. దిగిందో కూడా రాయి.

హైదరాబాద్‌లో అసలు చిక్కు రాయి దగ్గర. పైన మొరం, కింద ఎస్‌డీఆర్ (శిథిలమై మెత్తబడిన రాయి), మధ్యమధ్య గుండ్లు. బిట్‌కి గట్టిగా తగలగానే "రాక్ వచ్చింది" అని ఆపేస్తే అది రెండు మీటర్ల గుండు కావచ్చు. తక్కువలో తక్కువ 3 మీటర్లు కోర్ (రాయి కడ్డీ) తీయించు, అనుమానం ఉంటే 5. సింగిల్ ట్యూబ్ బ్యారెల్‌తో తీస్తే మెత్తబడిన రాయి నీళ్లకు కొట్టుకుపోయి రికవరీ తక్కువ వస్తుంది, కాబట్టి డబుల్ ట్యూబ్ ఎన్‌ఎక్స్ బ్యారెల్ పెట్టించు. ఆర్‌క్యూడీ (రాయి నాణ్యత చెప్పే శాతం)లో 10 సెం.మీ.కి తగ్గని ముక్కలే లెక్క. డ్రిల్లింగ్ కుదుపుకి విరిగిన తాజా ముక్కల్ని జోడించి ఒకే ముక్కగా కొలవాలి. ఇది తెలియక మంచి రాయిని నాసిరకంగా రాసిన లాగ్‌లు బోలెడు.

కోస్తాపైల్:
పైన చెప్పిందంతా గట్టి నేల సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో, కాకినాడ, విశాఖ పోర్టుల దగ్గర మెత్తటి క్లే ఉంటుంది. అక్కడ ఉద్యోగాలు ఎక్కువగా పైలింగ్, గ్రౌండ్ ఇంప్రూవ్‌మెంట్ కాంట్రాక్టర్ల దగ్గర దొరుకుతాయి. కెల్లర్, ఎల్ అండ్ టీ జియోస్ట్రక్చర్, సెమిండియా ప్రాజెక్ట్స్ (పాత పేరు ఐటీడీ సిమెంటేషన్), ఆఫ్కాన్స్ లాంటివి.

బోర్డ్ పైల్ (నేలలో బోరు తవ్వి కాంక్రీట్ పోసే పునాది స్తంభం) సైట్‌లో నిన్ను నిలబెట్టేది మూడు చోట్ల. కాంక్రీట్‌కి ముందు అడుగు ఫ్లషింగ్ (మడ్డి కడిగేయడం), ట్రెమీ పైపు (కాంక్రీట్‌ని అడుగుదాకా దింపే గొట్టం), కటాఫ్ (పైల్ తల కోసే మట్టం). అడుగున మడ్డి మిగిలితే పైల్ ఎండ్ బేరింగ్ పోయినట్టే. ట్రెమీ అడుగు ఎప్పుడూ కాంక్రీట్‌లో సుమారు 2 మీటర్లు మునిగి ఉండాలి. తొందరపడి లాగితే బెంటోనైట్ (బోరు కూలకుండా నింపే బంకమట్టి ద్రవం) కలిసి ఆ ఎత్తులో పైల్ మెడలా సన్నబడుతుంది, తరవాత ఇంటెగ్రిటీ టెస్టులో బయటపడుతుంది. అందుకే ఒక్కో ట్రక్కు కాంక్రీట్ పడ్డాక సౌండింగ్ చేసి (లోతు కొలిచి), పోసిన పరిమాణానికి ఎంత ఎత్తు రావాలో, ఎంత వచ్చిందో రాసుకునేవాడు కావాలి. లోడ్ టెస్టులు కూడా తెలిసి ఉండాలి: ఇనీషియల్ పైల్‌కి (ముందుగా పరీక్ష కోసమే వేసేది) డిజైన్ లోడ్‌కి రెండున్నర రెట్లు, రొటీన్‌కి (కట్టడంలో వాడే పైల్) ఒకటిన్నర.

పీవీడీ (క్లేలోంచి నీళ్లు బయటికి తెచ్చే నిలువు డ్రెయిన్లు), ప్రీలోడింగ్ (ముందే బరువు వేసి నేలని కుంగించడం) పనుల్లో సెటిల్‌మెంట్ (కుంగుబాటు) ప్లేట్ల రీడింగులు తీసుకుని అసావోకా పద్ధతిలో చివరి సెటిల్‌మెంట్ ఎంతో, ఎంత శాతం అయిందో చెప్పగలిగితే నీకు గిరాకీ. రీడింగులు తీసేవాళ్లు చాలామంది దొరుకుతారు. లోడ్ ఎప్పుడు తీసేయొచ్చో చెప్పేవాళ్లు దొరకరు.

ఇలాంటి పని పెద్ద ఎత్తున చూడాలంటే పోలవరం ఉండనే ఉంది. అక్కడ కొత్త డయాఫ్రం వాల్ (డ్యామ్ కింద నీళ్లు ఊరిపోకుండా నేలలో కట్టే గోడ) పనులు 2025 జనవరిలో మొదలయ్యాయి.

కృష్ణాతీరం:
ఇద్దరికీ థాంక్స్ అండీ. గేట్ స్కోర్ ఉంది గానీ ఐఐటీకి చాలదు. ఎంటెక్‌లో ఇప్పుడే చేరిపోవాలా? ప్లాక్సిస్ (నేల ప్రవర్తనను కంప్యూటర్‌లో లెక్కించే సాఫ్ట్‌వేర్) కోర్సు చేస్తే డిజైన్ ఆఫీసుల్లోకి వెళ్లొచ్చని ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు చెబుతున్నారు.

రేగడినేల:
గేట్ స్కోర్ మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి రేపే తేల్చుకోనక్కర్లేదు. ఏడాది ఫీల్డ్ చేసి, అదే స్కోర్‌తో వెళ్లొచ్చు. రెండేళ్లు దాటనివ్వొద్దు, పుస్తకం చేతిలోంచి జారిపోతుంది.

ఎన్‌ఐటీల సీట్లు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా, ఐఐటీల ఆఫర్లు సీవోఏపీ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా. దగ్గర్లో చూస్తే ఎన్‌ఐటీ వరంగల్‌లో జియోటెక్నికల్ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ కాకినాడల్లో సాయిల్ మెకానిక్స్ అండ్ ఫౌండేషన్ ఇంజనీరింగ్ పేరుతో ఉంది. గేట్‌తో చేరితే నెలకు 12,400 స్కాలర్‌షిప్. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో బయటి దేశాల ప్రాజెక్టులు చేసే కన్సల్టెన్సీ ఆఫీసుల్లోకి వెళ్లాలంటే ఎంటెక్ దాదాపు తప్పదు, ఎందుకంటే వాళ్లు మొదట వడపోసేదే దాంతో.

ఇక ప్లాక్సిస్ కోర్సు. బటన్లు పది రోజుల్లో వస్తాయి, ఇంటర్వ్యూలో అడిగేది బటన్ల గురించి కాదు. "బేస్‌మెంట్ తవ్వకానికి మోర్-కూలంబ్ మోడల్ వాడావు, అడుగు ఎందుకంత పైకి ఉబ్బింది?" అని అడుగుతారు. ఆ మోడల్‌లో బరువు వేసినా తీసినా ఒకటే స్టిఫ్‌నెస్, నిజం నేలేమో బరువు తీసినప్పుడు చాలా గట్టిగా ప్రవర్తిస్తుంది. అందుకే హార్డెనింగ్ సాయిల్ మోడల్‌లో అన్‌లోడింగ్ మాడ్యులస్‌ని (స్టిఫ్‌నెస్ అంకెని) విడిగా ఇస్తాం, వేరే సమాచారం లేకపోతే లోడింగ్‌దానికి మూడు రెట్లు. తరవాతి ప్రశ్న: "ఈ మాడ్యులస్ ఎక్కడిది?" ఎన్ వాల్యూ నుంచి తెచ్చానంటే, ఆ ఎన్‌కి ఏ కరెక్షన్లు చేశావంటారు. అంటే తిరిగి బోర్‌లాగ్ గారు చెప్పిన తాడు చుట్ల దగ్గరికే వస్తాం. కోర్సు డబ్బు దాచుకో.

గవర్నమెంట్ వైపు పెద్దగా ఆశ పెట్టుకోకు. ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పరీక్ష మొత్తం సివిల్‌కి, పోస్టింగ్ నీ చేతిలో ఉండదు. అచ్చంగా ఈ పనే కావాలంటే ఢిల్లీలో సెంట్రల్ సాయిల్ అండ్ మెటీరియల్స్ రీసెర్చ్ స్టేషన్ ఉంది, ఖాళీలు అరుదు. హైవేల్లో మెటీరియల్ ఇంజనీర్ పోస్టు మాత్రం నిలకడైన దారి. కట్టకి 95 శాతం, సబ్‌గ్రేడ్‌కి (రోడ్డు పొరల కింది నేల) 97 శాతం కాంపాక్షన్ వచ్చిందో లేదో సంతకం పెట్టే మనిషి. సాండ్ రీప్లేస్‌మెంట్ (గుంతలో ఇసుక నింపి మట్టి సాంద్రత కొలిచే పరీక్ష)లో ఇసుకని తడిసినా మార్చకుండా, మళ్లీ కాలిబ్రేట్ చేయకుండా వాడటమే అక్కడ సగం గొడవలకు మూలం.

సముద్రందాటి:
బయటి దేశాల గురించి రెండు ముక్కలు. అమెరికాలో ఇంజనీర్ లైసెన్స్ పరీక్షలు రాయాలి: ముందు ఎఫ్‌ఈ, తరవాత పీఈ సివిల్ జియోటెక్నికల్. పీఈలో 80 ప్రశ్నలు. ఎక్స్‌పీరియన్స్ ఎన్నేళ్లు అడుగుతారో రాష్ట్రాన్ని బట్టి. బ్రిటన్‌లో యూరోకోడ్ 7 (జియోటెక్నికల్ డిజైన్ ప్రమాణం), ఏజీఎస్ డేటా ఫార్మాట్ (బోర్ డేటా ఇచ్చే పద్ధతి) తెలిసినవాళ్లకి హైదరాబాద్‌లో కూర్చునే అక్కడి ప్రాజెక్టుల పని దొరుకుతుంది. ఇప్పటినుంచే బోర్ డేటాని ఎక్సెల్‌లో ఒక పద్ధతిగా పెట్టడం అలవాటు చేసుకో తమ్ముడూ.

బోర్‌లాగ్:
పోయేముందు ఒక లెక్క ఇస్తా. ఇలాంటిదే ఇంటర్వ్యూలో వస్తుంది. జీ ప్లస్ 5, పైన 1.2 మీటర్లు పూడిక, అక్కడి నుంచి 3.6 వరకు ఫ్రీ స్వెల్ (తడిస్తే ఉబ్బే శాతం) 90 ఉన్న నల్లరేగడి, తరవాత 7.5 వరకు ఎన్ 30 నుంచి 45 ఉన్న మొరం, కింద ఎస్‌డీఆర్. నీళ్లు 5 మీటర్ల దగ్గర. ఫుటింగ్ ఎక్కడ?

రేగడిలో వద్దు, మొరంలో 4 మీటర్ల దగ్గర. ఒక బేస్‌మెంట్ ఉంటే ఎలాగూ అక్కడికే వెళ్తారు. నీళ్లు ఫుటింగ్ అడుగుకి ఒక్క మీటరే కింద, అంటే ఫుటింగ్ వెడల్పు లోపలే, కాబట్టి ఐఎస్ 6403లో నీటి కరెక్షన్ తప్పదు. షియర్ (నేల తెగిపోకుండా ఎంత మోస్తుందో) చూశాక ఐఎస్ 8009తో సెటిల్‌మెంట్, విడి ఫుటింగ్‌కి 50 మి.మీ. లోపల, రెంటిలో ఏది తక్కువైతే అదే ఎస్‌బీసీ (నేల సురక్షితంగా మోసే బరువు). తవ్విన రేగడినే మళ్లీ గోడల పక్కన నింపొద్దని, ప్లింత్ కింద మొరం వేయాలని నువ్వే చెప్పాలి, వాళ్లు అడగరు. ఎన్ 45 ఉంది కదా అని సెటిల్‌మెంట్ ఊసెత్తకుండా ఒక అంకె చెప్పేస్తే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోతుంది.