మొదటి ఏడాది సెమినార్ ఏది పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం: మా అమ్మాయి ఈ ఆగస్టులో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో చేరుతోంది. అక్కడ ఇంజినీరింగ్ పిల్లలకు కూడా మొదటి ఏడాది రైటింగ్ సెమినార్లు రెండు తప్పనిసరి. ఇష్టాన్ని బట్టి 5 సెమినార్లు వరసపెట్టి ఇవ్వాలి. జాబితాలో సినిమా, తత్వశాస్త్రం, చరిత్ర అన్నీ ఉన్నాయి. మా రోజుల్లో ఎంపీసీ తీసుకుంటే ఇక ఎంచుకునేదేమీ ఉండేది కాదు. టెక్నాలజీకి దగ్గరగా ఉన్నది పెట్టమని నేనంటున్నా, తను వినడం లేదు.

సౌమ్య_ఇథాకా: నేను అక్కడే కెమిస్ట్రీ చదివానండి. ముందు నొక్కినవాళ్లకే సీటు అన్న టెన్షన్ వద్దు. గడువులోపు ఎప్పుడు ఇచ్చినా ఒకటే. పేరు ఏదైనా అది రాయడం నేర్పే క్లాసు. వ్యాసం రాయాలి, టీచర్‌తో విడిగా కూర్చుని మాట్లాడాలి, తిరగరాయాలి. క్లాసులో 18 మందికి మించరు, చదవకుండా వెళ్తే ఇట్టే తెలిసిపోతుంది. అందుకే తను సెమిస్టర్ అంతా విసుగు లేకుండా రాయగలిగే విషయమే పెట్టనివ్వండి.

నేను వలసల మీద సెమినార్ తీసుకున్నా. 1942లో జపాన్ దాడికి భయపడి రంగూన్ నుంచి వేలమంది తెలుగువాళ్లు వెనక్కి వచ్చేశారు కదా, మా ముత్తాత వాళ్లలో ఒకరు. ఆ వ్యాసం కోసం అమ్మమ్మకి ఫోన్ చేసి గంటలు గంటలు అడిగాను. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అవన్నీ రాసి పెట్టలేదు.

బేఏరియా_నాన్న: ఏ కాలేజీ అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. మావాడు యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ). అక్కడి ఫియట్ లక్స్ సెమినార్లు 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత మొదలయ్యాయి. ఒక్క యూనిట్, పాస్ లేదా నో పాస్, అంతే. బొత్తిగా తెలియని విషయం తీసుకున్నా జీపీఏకి, అంటే గ్రేడ్ల సగటుకి, ఏమీ కాదు. కార్నెల్‌లో అలా కాదు, గ్రేడ్ పడుతుంది. ల్యాబులు, లెక్కల హోంవర్కు ఉన్న వారంలో లావుపాటి నవల కూడా చదవాలంటే కష్టం. వివరణలో ఏమేం చదివిస్తారో తప్పక చూడమనండి.

వెన్నెల: హార్వర్డ్‌లో ఇంకో పద్ధతి. ఫ్రెష్‌మన్ సెమినార్‌కి ఎందుకు కావాలో రాసి దరఖాస్తు పెట్టాలి, లెటర్ గ్రేడ్ ఉండదు. మా చెల్లెలు ప్రొఫెసర్‌ని చూసి ఎంచుకుంది. తర్వాత తన సిఫారసు లేఖ ఆయనే రాశారు. పెద్ద క్లాసుల్లో అంత పరిచయం ఎక్కడ దొరుకుతుంది?

కృష్ణాతీరం: సౌమ్యా, నువ్వు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించానమ్మా. తను నగరాల చరిత్ర మొదట పెడతానంటోంది, సరేనన్నాను. రెండూ ఒకే సెమిస్టర్‌లో చేయాలా?

సౌమ్య_ఇథాకా: అక్కర్లేదండి. ఫాల్‌లో ఒకటి, స్ప్రింగ్‌లో ఒకటి చేయొచ్చు. మీరు చెప్పిన టెక్నాలజీది రెండోసారి జాబితాలో పెట్టమనండి.