బేస్ గిటార్ తీగలు మార్చాక మొదటి ఫ్రెట్లలో జరజర, ఏం చేయాలి?

మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. చర్చిలో నాలుగు తీగల బేస్ వాయిస్తాను, స్కేలు (తీగ మోగే పొడవు) 34 అంగుళాలు. సముద్రపు ఉప్పుగాలికి తీగలు ఊరికే తుప్పు పట్టేస్తున్నాయి. ఈసారి వేళ్లకు సుఖంగా ఉంటుందని 45-105 మందం తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) తీసేసి 40-100 నికెల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టినవి) వేశాను. అప్పట్నుంచి ఇ తీగ (అన్నిటికన్నా లావుది) మొదటి మూడు ఫ్రెట్లలో (నెక్ మీది అడ్డ పట్టీలు) జరజరమంటోంది. పన్నెండు దాటితే శుభ్రంగా పలుకుతోంది. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి చూస్తే మధ్యలో విజిటింగ్ కార్డు కూడా దూరట్లేదు. సన్న తీగలకు లాగుడు తగ్గి నెక్ నిటారైపోయిందని నా అనుమానం. ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపును సరిచేసే కడ్డీ) పావు చుట్టు వదులు చేయనా, పాత మందానికే పోనా? బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) ఎత్తు ఇంకా ముట్టుకోలేదు. చెన్నై తీసుకెళ్లాలంటే ఒక రోజు పోతుంది, ఆదివారం ఆరాధనకేమో బేస్ కావాలి. అన్నట్టు, ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టినవి) ఈ గాలికి ఎక్కువకాలం ఆగుతాయా? వాడినవాళ్లు చెప్పండి.