గ్రాండ్, మాగ్నిఫిసెంట్, మెజెస్టిక్, గ్రాండియోస్: ఒకదాని చోట మరొకటి చెల్లుతుందా?

ఈ మాటలన్నిటికీ ఆంగ్ల-తెలుగు నిఘంటువులు ‘ఘనమైన’, ‘వైభవోపేతమైన’, ‘భవ్యమైన’ అన్న అర్థాలనే అటూ ఇటూ మార్చి ఇస్తున్నందువల్ల ఇవి పర్యాయపదాలన్న అభిప్రాయం ఏర్పడుతోంది. వీటి మధ్య భేదం ఘనత ఎంత అన్నదానిలో కంటే, అది దేనివల్ల వచ్చింది అన్నదానిలోనే ఉందని నేననుకుంటాను.

‘గ్రాండ్’ లాటిన్ ‘గ్రాండిస్’ నుండి వచ్చింది. పెద్దది, బాగా ఎదిగినది అని దానికి అర్థం. గ్రాండ్ కాన్యన్, గ్రాండ్ ట్రంక్ రోడ్డు అనడంలో ఆ పరిమాణమే ప్రధానం.

‘మాగ్నిఫిసెంట్’ సంగతి వేరు. గొప్ప అనే ‘మాగ్నస్’, చేయడం అనే ‘ఫాకెరె’ కలిసిన ఈ మాటలో ఒక కర్త, అతని చేతి ఖర్చు దాగి ఉన్నాయి. అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో చెప్పిన ఒక సద్గుణాన్ని ఆంగ్లంలో ‘మాగ్నిఫిసెన్స్’ అని అనువదిస్తారు. సందర్భానికి తగినట్టుగా, అభిరుచితో, పెద్ద ఎత్తున వెచ్చించగలగడమే ఆ గుణం. సాటివారికి పెట్టే మామూలు విందును పెళ్ళివిందు స్థాయిలో చేసేవాడికి, హాస్యనాటకంలోని బృందానికి ఊదారంగు ఖరీదైన బట్టలు తొడిగించేవాడికి ఆ గుణం లేదని ఆయన తీర్పు. మనం ‘పెళ్ళి గ్రాండ్‌గా చేశారు’ అన్నప్పుడు మన మనసులో ఉండేది ఖర్చే కనుక, తెలుగువారి ‘గ్రాండ్’ ఈ రెండో మాటకే దగ్గర.

‘మెజెస్టిక్’‌లో ఖర్చు ప్రసక్తి లేదు. ‘యువర్ మెజెస్టీ’ అని రాజును సంబోధించే మాటకు ఇది సోదరి. ఉనికిలోనే ఉన్న రాచఠీవికి చెల్లుతుంది కాబట్టి సింహానికి, పర్వతానికి అమరుతుంది గాని, లక్షలు పోసి అలంకరించినంత మాత్రాన కల్యాణమండపానికి అమరదు. ఇదే కోవకు చెందిన, ‘మహోన్నతమైన’ అనే అర్థమున్న ‘సబ్లైమ్’‌ను 1757లో ఐరిష్ తత్త్వవేత్త ఎడ్మండ్ బర్క్ ఏకంగా భయంతో ముడిపెట్టాడు. ఇప్పుడు ఆ మాటను మిఠాయికి కూడా వాడుతున్నారు, అది వేరే చర్చ.

అసలు జాగ్రత్త పడవలసింది ‘గ్రాండియోస్’ దగ్గర. శబ్దసామ్యం చూసి దీన్ని ‘గ్రాండ్’‌కు మరింత ఘనమైన రూపమనుకొని ‘గ్రాండియోస్ వెడ్డింగ్’ అని మెచ్చుకోలుగా రాసేవారున్నారు. నేటి ఆంగ్లంలో అది దాదాపు ఎప్పుడూ ఆక్షేపణే. తనకు లేని గొప్పతనం ఉందని నమ్మే మానసిక స్థితికి వైద్యులు వాడేది కూడా ఈ మాటనే. ‘పాంపస్’ కూడా ఒకప్పుడు మెప్పుగానే ఉండి తర్వాత నిందగా మారింది. దాని మూలం ఊరేగింపు అనే అర్థమున్న గ్రీకు మాట. మన ‘ఆడంబరం’ సంస్కృతంలో ఒక వాద్యం పేరు, ఒక రకం భేరి. రెండూ హంగు నుంచి డాబుకు దిగజారినవే కనుక ‘పాంపస్’‌కు ‘ఆడంబరమైన’ అన్నది చక్కగా కుదురుతుంది. ‘గ్రాండియోస్’‌కు మాత్రం అది చాలదు; శక్తికి మించిన దానికి పూనుకోవడమన్న ఆక్షేపణ కూడా అందులో ఉంది కాబట్టి, పథకాల విషయంలో ‘తలకు మించిన’ అనడమే మేలు.