పెంచిన పులిని కాపాడాక ఎక్కడ ఉంచాలి?

హ్యూస్టన్ సుధీర్:
2021 మే నెలలో మా ఊళ్ళో ఒక ఇంటి ముందు గడ్డిలో బెంగాల్ పులి కనిపించింది. తొమ్మిది నెలల పిల్ల, మెడకి పట్టీ. పేరేంటో తెలుసా, ‘ఇండియా’. కొన్ని రోజులు ఎక్కడుందో తెలీక అందరం హడలిపోయాం. చివరికి దొరికాక టెక్సస్‌లోనే ఉన్న బ్లాక్ బ్యూటీ రాంచ్ అనే జంతు సంరక్షణ కేంద్రానికి చేర్చారు. అప్పుడు చాలా సంతోషించాను. ఇప్పుడు ఒక ప్రశ్న వదలట్లేదు. కంచె లోపల పులి ఇరవై ఏళ్ళ దాకా బతకొచ్చు. రోజూ కిలోలకొద్దీ మాంసం, వైద్యం, కాపలా. మరోపక్క మన దేశం మొత్తం మీద అడవి పులులు 2022 అంచనా ప్రకారం 3,682. ఆ డబ్బు వాటి అడవికి పెడితే మేలు కదా? వీలైతే ఇలా పెంచిన పులుల్ని అడవిలో వదలాలి, వీలుకాకపోతే ఖర్చుకి ఒక హద్దు పెట్టుకోవాలి అని నా అభిప్రాయం. తప్పయితే చెప్పండి.

జగిత్యాల రమేష్:
సుధీరన్నా, అడవిల ఇడిసిపెట్టుడు అయ్యే పని కాదే. నేను కండ్లార చూసిన ముచ్చట చెప్త.

2013ల గల్ఫ్‌ల ఒక మజ్రాల, అంటే ఫారంల పని చేసిన. ఒంటెలకు గడ్డి ఏసుడు, నీళ్లు పెట్టుడు నా పని. కఫీల్ అంటే మా సేటు, ఆయన కొడుకు ఒకనాడు సింహం పిల్లను తెచ్చిండు. బొంత మీద పండవెడితే మన పిల్లి లెక్కనే ఉండె. పాలసీసా నేనే పట్టిన. తర్వాత బొక్కలు తీసేసిన కోడి మాంసం పెట్టుమన్నరు, అదే పెట్టిన. నాలుగైదు నెలలకు ముందటి కాళ్లు వంగిపోయినయి. నాలుగు అడుగులు ఏస్తె కూలవడుతుండె. వచ్చిన డాక్టరు ఏమన్నడంటే, ఉత్త మెత్తటి మాంసం తింటే బొక్కలకు కాల్షియం దొరకది, అందుకే వంగినయి అన్నడు. నా చేతితోనే పెట్టిన గద అన్నా, ఇప్పటికి యాదికొస్తె అన్నం సయించది.

గోర్లు సుత తీపిచ్చిన్రు. గోరు తీసుడంటే మనం కత్తిరిచ్చుకున్నట్టు కాదు, వేలి కొస బొక్కనే కోసేస్తరు. రాత్రంతా పంజాలు నాకుతనే ఉండేది. ఇగ చెప్పు, గోర్లు లేవు, కాళ్లు వంకర, మనిషిని చూస్తె తిండి తెచ్చిండనుకొని ఎదురొస్తది. దీన్ని ఏ అడవిల ఇడుస్తవు?

విశాఖ లలిత:
రమేష్ గారు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

సుధీర్ గారూ, మన దగ్గర ఈ లెక్క ఎప్పుడో ఎదురైంది. 1998లో కేంద్రం సర్కస్‌లో పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలాడించడం నిషేధించింది. సర్కస్ వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 2001లో ఓడిపోయారు. మరి అన్ని జంతువులూ ఎక్కడికి పోవాలి? అందుకే విశాఖలో, తిరుపతిలో జూలను ఆనుకుని సంరక్షణ కేంద్రాలు పెట్టారు. ఆ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, గిర్ రక్తం కలిసినవి. గుజరాత్‌లోని గిర్ అడవిలో వదిలితే అక్కడి జాతే చెడుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి, ఆయువున్నన్నాళ్ళూ చూసుకోవడమే మార్గం అనుకున్నారు. ఇది దానధర్మం కాదు, మనం చేసిన అప్పు తీర్చడం. అప్పు తీర్చేటప్పుడు ఆ డబ్బుతో ఇంకేం కొనొచ్చని అడగం కదా.

భీమవరం కిరణ్:
అందరూ పెంచినవాళ్ళని దుర్మార్గుల్లా చూడకండి. 2022లో యుద్ధం వచ్చినప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న మన ఆంధ్రా డాక్టరు ఒకాయన జాగ్వార్‌నీ నల్ల చిరుతనీ వదిలి రానన్నాడు. అది ప్రేమ కాకపోతే ఏంటండీ? ఇంకోటి, అడవికి పంపలేమని తేల్చేశారు. మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవిలో చేశారు కదా? 2009కి అక్కడ పులే లేకుండా పోయింది. అదే రాష్ట్రంలోని కన్హా అడవిలో తల్లి పోయిన రెండు ఆడపులుల్ని పెంచి 2011లో పన్నాలో వదిలితే పిల్లల్ని కూడా పెట్టాయి.

విశాఖ లలిత:
కిరణ్ గారూ, పన్నా పులులు అడవిలో పుట్టినవి. పెద్ద ఆవరణలో, మనిషి అలవాటు కాకుండా, బతికున్న జింకల్ని వేటాడుతూ పెరిగాయి. సీసాపాలు తాగి సోఫా మీద పెరిగిన పిల్లకి మనిషంటే భయం ఉండదు. ఊళ్ళోకి వస్తుంది, ఎవరినో చంపుతుంది, చివరికి దాన్నీ చంపుతారు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు దొరికాయి, గుర్తుందా? అడవి పిల్లలే, తల్లి దగ్గరికి చేర్చాలని అటవీశాఖ రాత్రీపగలూ తిరిగింది. కుదరక తిరుపతి జూకి తరలించారు. వాటికే అంత కష్టమైతే వీటి మాటేంటి?

డాక్టరు గారి ప్రేమని నేను కాదనను. కానీ ఆయన కూడా చివరికి బతుకుదెరువు కోసం వాటిని వేరేవాళ్ళకి అప్పగించి వెళ్ళాల్సి వచ్చింది. ఒక్క మనిషి చేతిలో అంత పెద్ద ప్రాణం ఉంటే ఆ మనిషికి ఏమైనా అయితే దానికి దిక్కెవరు? అమెరికాలోనే, 2011 అక్టోబరులో ఒహాయోలోని జేన్స్‌విల్‌లో యజమాని బోనులన్నీ తెరిచి ప్రాణం తీసుకున్నాడు. పోలీసులు ఆ రాత్రీ మర్నాడూ కాల్చిన వాటిలో 18 పులులు, 17 సింహాలు.

హ్యూస్టన్ సుధీర్:
అడవిలో వదలాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రమేష్ అన్నా, మీరు రాసింది మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. డబ్బు సంగతి మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. ఇక్కడ 2022 డిసెంబరులో ఫెడరల్ చట్టం వచ్చింది. కొత్తగా ఎవరూ సొంతానికి పెంచకూడదు, ఉన్నవాటిని నమోదు చేయించాలి, జనం తాకడానికి లేదు. అంటే నీళ్ళ పైపు కట్టేశారు. ఇక తొట్టిలో ఉన్నవాటికి మాత్రమే ఖర్చు, అదీ ఏటేటా తగ్గుతుంది. పైపు కట్టని దేశాల్లో ఇలాంటి జంతువులకి ఆశ్రమం మీద ఆశ్రమం కట్టుకుంటూ పోతే పెంచేవాడికే ధైర్యం వస్తుంది, పెద్దదయ్యాక ఎవరో తీసుకుంటారులే అని. అందుకే ముందు చట్టం రావాలి, ఆ ఖర్చు యజమాని దగ్గరే వసూలు చేయాలి.

విశాఖ లలిత:
యజమాని దగ్గర వసూలు చేయాలన్నదానికి నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. చట్టం వచ్చేదాకా ఆగమంటే మాత్రం ఒప్పుకోను. ఇంకో మాట, ఆశ్రమం అన్న బోర్డు చూసి నమ్మకండి. పిల్లల్ని పుట్టిస్తున్నారా, ఒళ్ళో పెట్టి ఫోటోలు తీయిస్తున్నారా అని అడగండి. అవునంటే అది వ్యాపారం.

జగిత్యాల రమేష్:
యూఏఈల 2016ల చట్టం చేసిన్రు, ఇండ్లల్ల సింహాలు పులులు పెంచొద్దని. నేను అప్పటికే ఇంటికొచ్చేసిన. మా సింహం పిల్లను నేనుండంగనే ఒకనాడు పొద్దుగాల బండిల ఎక్కిచ్చి తీసుకపోయిన్రు. జాలీల నుంచి నా దిక్కే చూసుకుంట పోయింది. యాడికి అని అడిగితే ఎవ్వలు చెప్పలే. అసొంటి ఆశ్రమం ఒకటుండి, అండ్ల ఉన్నదని ఎవలన్న ఒక్క మాట చెప్పినా నాకు సాలు లలితమ్మా.